వడకట్టిన వివేకం

"మీకు తెలిసినవాళ్ళలో వివేకం ఉన్న మనిషి ఎవరు?"

ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని పరిమళ ఎనిమిది నెలలు ఊళ్ళంట కాళ్ళరిగేలా తిరిగింది. చిన్న ప్రశ్నే కదా అనుకుంది. అడిగి చూస్తే తెలిసింది. ఒక పెద్దమనిషి మీసం దువ్వుకుని తన పేరే రాసుకోమన్నాడు. ఒక ఇల్లాలు "మా ఆయనకి మహా వివేకం లెండి" అని మూతి విరిచింది. ఆ మూతి విరుపును కాగితం మీద ఎలా రాయాలో పరిమళకు తోచలేదు. ఇంకొకాయన కోర్టు పక్షి అయిన బావమరిది పేరు చెప్పి, వాడితో పెట్టుకున్నవాడు బాగుపడలేదని మురిసిపోయాడు. బడి పంతులు చదువును వివేకమనుకున్నాడు, అరుగు మీది తాత వయసును అనుకున్నాడు, సర్పంచి నోరు మూసుకుని ఉండడాన్ని అనుకున్నాడు. మాట ఒకటే గానీ ఎవరి అవసరం కొద్దీ వాళ్ళు వాడుకుంటున్నారు.

పరిమళ పనిచేసేది విశాఖపట్నంలో, సముద్రానికి ఎదురుగా గుట్ట మీదున్న మెదడు పరిశోధనశాలలో. అక్కడ పెద్ద డాక్టర్ తారకేశ్వర్. ఆయన ఒక పెట్టె తయారుచేశాడు. దానికి తీగలున్న టోపీ ఒకటి. ఆ టోపీ పెట్టుకుని మనిషి తన జీవితంలో జరిగిన సంగతులు చెబుతూ పోతే, ఆ సంగతులూ వాటి నుంచి అతను నేర్చుకున్న ఆలోచనా పెట్టెలోకి నకలు దిగుతాయి. సరిపడా దిగాక, కొత్త చిక్కు ఏది అడిగినా పెట్టె ఆ మనిషి చెప్పినట్టే చెబుతుంది. పంచాయతీకో పెట్టె, బడికో పెట్టె పెట్టించాలని ఆయన కల. "శ్మశానాల్లో రోజూ ఎంత వివేకం కాలి బూడిదైపోతోందో ఎవరైనా లెక్క చూశారా అమ్మా?" అనేవాడు. మనిషి మంచివాడే, ఆ మాట ముందే చెప్పేయాలి.

మూడు వందల మందిని అడిగితే రెండు వందల పేర్లు వచ్చాయి. ఒక్క అనకాపల్లి పక్క జొన్నలపేటలో మాత్రం, అడిగిన నలభై మందీ ఒకే పేరు చెప్పారు. బెల్లం పాక సన్యాసమ్మ.

పరిమళకు సిగ్గేసింది. సొంతమనిషి పేరే వస్తుందని తెలిసి ఆ ఊరికి చివరిదాకా వెళ్ళకుండా వాయిదా వేసింది. సన్యాసమ్మ ఆమెకు స్వయానా పెద్దమ్మ, తల్లి నూకరత్నానికి అక్క. నూకరత్నం జ్వరంతో పోయేనాటికి పరిమళకు నాలుగేళ్ళు. ఆ తర్వాత తండ్రి ఆ పిల్ల మొహం కూడా చూడలేదు. సన్యాసమ్మ వెళ్ళి చంకనేసుకొచ్చి పెంచింది, చదివించింది.

---

పాక దగ్గర బస్సు దిగగానే పరిమళకు ముప్పై ఏళ్ళు వెనక్కి పోయినట్టయింది. అదే వాసన. మరుగుతున్న చెరకు రసం, కాలుతున్న పిప్పి, తడి మట్టి. చిన్నప్పుడు బడి నుంచి తిన్నగా ఇక్కడికే పరుగెత్తుకొచ్చేది. పెద్దమ్మ చెరకు ఆకు మీద వేడి పాకం ఇంత ఒంపి, "ఊదుకో ఒలె, మూతి కాల్తాది" అనేది. ఊదుకునే ఓపిక ఎవరికుంటుంది? ఏడాదికి నాలుగు నెలలు పరిమళ నాలుక మీద పొక్కు ఉండాల్సిందే. ఆ పొక్కు కూడా తియ్యగా ఉండేదని ఇప్పుడనిపించి నవ్వొచ్చింది, ఆ వెంటనే ఎందుకో కళ్ళు చెమర్చాయి.

పాకలో నలుగురు మగవాళ్ళు పనిచేసినా, రసం మరిగే పెద్ద పెనం దించే మాట మాత్రం సన్యాసమ్మదే. మరిగే పాకాన్ని ఇంత నీళ్ళలో వేసి, వేళ్ళతో ఉండకట్టి చూసి, "దించండి" అనేది. ఒక్క నిమిషం అటయితే బెల్లం మాడుతుంది, ఇటయితే దిమ్మ కట్టదు. ఆమె అన్న వేళ తప్పిన రోజు లేదు.

ఊళ్ళో తగువులూ ఆమె దగ్గరికే వచ్చేవి. దానికో పద్ధతుంది. ఎవరొచ్చి ఎంత గోల పెట్టినా సన్యాసమ్మ వినేది, తల ఊపేది, "ఈ పెనం దిగనీండి" అనేది. పెనం దిగడానికి రెండు మూడు గంటలు పడుతుంది. అంతదాకా వాళ్ళు పిప్పి కుప్ప మీద కూర్చుని చెరకు నములుతూ ఉండాలి. సగం తగువులు అక్కడే చల్లారిపోయేవి. మిగతా సగానికి ఆమె వచ్చి, చేతులు కడుక్కుని, వాళ్ళకెదురుగా నేల మీద కూర్చుని, మొహంలోకి చూస్తూ మాట్లాడేది. ఎందుకిలా అని అడిగితే ఎవరికీ తెలియదు. ఆమె తీరంతే అనుకునేవారు.

"నా బుర్ర ఎక్కిస్తారేటి పెట్టెలోకి? బూజుంటాదే తల్లీ, దులుపుకుని ఎక్కించుకోండి," అని సన్యాసమ్మ పకపకా నవ్వింది. కానీ కూతురిలాంటి పిల్ల అడిగితే కాదనలేక, నాలుగు చీరలు సంచిలో పెట్టుకుని విశాఖ బయల్దేరింది.

---

పద్దెనిమిది రోజులు పట్టింది. బంధువులు గదిలో ఉండకూడదని నియమం. ఎవరి కథలు వాళ్ళవి కనుక, వాటిని ఎవరూ వినకూడదని కూడా. పరిమళ పక్కగదిలో కూర్చుని తెర మీద కదిలే గీతలు మాత్రమే చూసేది.

ఆ గీతల్లోనే వచ్చింది చిక్కు. పెద్దమ్మ ఏదో చెబుతూ ఉండగా ఉన్నట్టుండి గీతలన్నీ చిందరవందరై, రొద పుట్టేది. సంగతి స్పష్టంగా నకలు దిగేది కాదు. ఇంతకుముందు టోపీ పెట్టిన వివేకవంతులకూ ఇదే గోల. వివేకం లేదనిపించుకున్నవాళ్ళ గీతలు మాత్రం అద్దంలా ఉండేవి. దీని గురించి ఒక్కరన్నా ఆగి ఆలోచించాల్సింది. ఎవరూ ఆలోచించలేదు. రొదను ఏరేసే లెక్క ఒకటి రాయమని తారకేశ్వర్ చెప్పాడు, పరిమళ రాసింది.

రాసి, పొంగిపోతూ ఆయనకు చూపించింది. "మా పాకలో పెనం మీద తేలిన మడ్డిని గరిటెతో తీసేస్తారు సార్. అలాగే తీసేశాను!"

"శెభాష్! బెల్లం పాకలో పెరిగినదానివనిపించావు," అన్నాడాయన.

మడ్డి చూసిచూసి పెరిగిన కళ్ళకు తేలిందల్లా మడ్డిగానే కనబడింది. ఆ మాట తలుచుకుని పరిమళ తర్వాత ఎన్నిసార్లు తల బాదుకుందో.

ఏరేసిన రొదను వెంటనే పారేయరు. వేరే డిస్కు పళ్ళెంలో నలభై రోజులుంచి చెరిపేస్తారు. అదీ నియమమే.

పెట్టె అద్భుతంగా పనిచేసింది. జొన్నలపేటలో ఎప్పుడో తీరిన వంద తగువులు అడిగితే తొంభై ఎనిమిదింటికి సన్యాసమ్మ తీర్పే చెప్పింది. పేపర్లో ఫోటో వేశారు. తారకేశ్వర్ స్వీట్లు పంచాడు.

---

ఊరికి తిరిగి వెళ్ళిన సన్యాసమ్మను చూసి జనం ముక్కున వేలేసుకున్నారు. మనిషి పదేళ్ళు చిన్నదైపోయింది. నిద్ర పట్టదని ఎప్పుడూ అనే మనిషి పడుకుంటే చాలు గుర్రు పెడుతోంది. పొయ్యి దగ్గర కూనిరాగాలు తీస్తోంది. పరిమళ ఆదివారం ఆదివారం వచ్చి చూసి సంబరపడిపోయింది. ఇంతకాలం కష్టపడిన మనిషి సుఖపడితే ఎవరికి ఆనందం కాదు?

పాకం కూడా తప్పలేదు. నీళ్ళలో వేసి, ఉండకట్టి, "దించండి" అంటే ఎప్పటిలాగే బంగారంలాంటి బెల్లం.

మూడో ఆదివారం పాకలో ఉండగా ఈశ్వరమ్మ అనే పిల్ల వచ్చింది. ఆ ఊరి ఆడపడుచే, చోడవరం పక్కకు ఇచ్చారు. చంకలో ఏడాది పిల్ల. మొగుడితో పడలేకపోతున్నానని, కొన్నాళ్ళు పుట్టింట్లో ఉంటానంటే అన్నయ్య ఒప్పుకోవడం లేదని, సన్యాసమ్మ పిన్ని ఒక్కమాట చెబితే ఒప్పుకుంటాడని ఏడ్చింది.

పరిమళ పిప్పి కుప్ప మీద చోటు చూపించబోయింది. ఈలోగానే సన్యాసమ్మ పెనంలో గరిటె తిప్పుతూ, వెనక్కి తిరక్కుండా అనేసింది:

"ఎల్లిపోవే తల్లీ. సంసారాలన్నాక అలాగే ఉంటాయి. సద్దుకో."

అని మళ్ళీ కూనిరాగం అందుకుంది.

ఈశ్వరమ్మ కాసేపు నిలబడింది. ఇంకేమన్నా చెబుతుందేమోనని చూసింది. చెప్పకపోయేసరికి పిల్లను భుజాన వేసుకుని ఆటోల వైపు వెళ్ళిపోయింది. పరిమళ ఆమె వెనకాల రెండడుగులు వేసింది. కానీ పెద్దమ్మ మాట మీద మాట ఎప్పుడూ అని ఎరగదు. నోరు మూసుకుంది.

ఆ సాయంత్రం పొయ్యి ఎగదోసే గౌరినాయుడు ఆమెను పక్కకు పిలిచాడు. పాతికేళ్ళుగా ఆ పాకలో ఉన్న మనిషి.

"పాపమ్మా, ఏటనుకోకు. మీ పెద్దమ్మ పెనం దిగనీడం నేదు ఈమధ్య. అడగ్గానే సెప్పేత్తంది. నిన్న అన్నదమ్ములిద్దరు గట్టు తగువెట్టుకొచ్చినారు. నిలబడ్డపళంగా తీర్పు సెప్పేసింది. ఇద్దరూ కత్తులు నూరుకుంటా ఎల్లినారు. పాకం సూసే సెయ్యి అదే. మడిసే మారిపోనాది."

"ఆరోగ్యంగానే ఉంది కదా గౌరినాయుడు మామా."

"అదేనమ్మా నా బెంగ. ఇంతారోగ్యం ఎప్పుడూ నేదు."

---

మర్నాడు పొద్దున్నే పరిమళ పరిశోధనశాలకు వెళ్ళి, ఈశ్వరమ్మ పడ్డ ఇబ్బంది అంతా పెట్టెకు చెప్పింది. తడుముకోకుండా జవాబొచ్చింది. అచ్చం పెద్దమ్మ గొంతే. "ఎల్లిపోవే తల్లీ. సద్దుకో."

ఈ మాట ఎక్కణ్ణించి వచ్చిందో చూడాలనుకుంది పరిమళ. రొద దాచిన పళ్ళెం తీసి చూసింది. అన్ని సంగతుల్లోనూ కొంచెం కొంచెం రొద ఉంది. ఒక్క సంగతిలో మాత్రం తెరంతా నల్లగా నిండిపోయింది. వినకూడదు. నియమం. పరిమళ వింది.

వడకట్టకముందు పెద్దమ్మ గొంతు అది. పదం పదానికీ ఆగుతోంది.

"ఆయేళ మా నూకరత్నం వొచ్చినాది. సంకలో గుంట. అప్పటికే నూకరత్నానికి ఒళ్ళు కాల్తందంట. అప్పా, నాను ఆ ఇంట్లో ఉండనేను, ఇక్కడే ఉంటాను అన్నాది. పాకం దగ్గరపడతంది. తిరిగితే మాడిపోద్ది. నాను... ఎనక్కి తిరగనేదు. ఎల్లిపోవే తల్లీ, సద్దుకో అన్నాను. ఎల్లిపోనాది. పదకొండో రోజుకి కబురొచ్చినాది. ఆ ఇంట్లో మందిచ్చే దిక్కు నేదంట. దాని మొకం సూసుంటే... జ్వరం తెలిసేది కదా. సూడనేదు. బెల్లం మాత్రం బాగా కుదిరింది ఆ రోజు."

ఆ తర్వాత చాలాసేపు రొద ఒక్కటే.

పరిమళ దాన్ని ఆపేసింది. అమ్మ అత్తింట్లోనే జ్వరమొచ్చి పోయిందని తనకు చెప్పారు. అమ్మ వచ్చిందనీ, అడిగిందనీ, తను ఆ చంకలోనే ఉందనీ ముప్పై రెండేళ్ళుగా ఎవరూ చెప్పలేదు. కోపం వచ్చింది. అలాంటి ఇలాంటి కోపం కాదు. అప్పుడే ఇంకో సంగతి తట్టి ఆ కోపం కూడా నిలవలేదు. ఈశ్వరమ్మ! తను కూడా చూస్తూ ఊరుకుంది కదా!

ఉన్నపళంగా బస్సెక్కి చోడవరం వెళ్ళింది. ఈశ్వరమ్మ మోచేతి మీద కమిలిన మచ్చ కొత్తది. ఒక్క ప్రశ్న కూడా అడగకుండా తల్లినీ పిల్లనూ వెంటబెట్టుకుని విశాఖలో తన ఇంటికి తెచ్చేసింది. ముందు వాళ్ళకు అన్నం పెట్టింది.

---

తారకేశ్వర్ అంతా విన్నాడు. కళ్ళజోడు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"మనసు ఏ జ్ఞాపకాన్నైనా బయటకు తీసినప్పుడల్లా కొత్తగా తిరగరాసుకుంటుంది. అది తెలిసిందే. టోపీ తల మీద ఉండగానే మనం వడకట్టిన నకలు ఆ తీగల్లోంచి వెనక్కి పోయి, ఆవిడ తలలోనూ అదే రాసుకుని ఉంటుంది. సంగతి ఉండిపోయింది. నొప్పి పోయింది." ఆయన గొంతు తగ్గింది. "దీన్ని మనం ఊహించలేదు. తప్పే."

"మరి ఆ నొప్పే వివేకం అయితే, సార్?"

"వివేకమంటే తెలివిడి. మంచిచెడ్డలు వేరుచేసి చూడడం. నిఘంటువు చూసుకో."

"నలభై మంది ఆ మాట వాడింది పెనం దిగేదాకా ఆగిన మనిషి గురించి సార్. ఆవిడను ఆపింది ఈ రొదే."

ఆయన కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "రొద వెనక్కి ఎక్కించొచ్చు. ఆ సంగతి చెప్పిస్తూ వినిపిస్తే చాలు. కానీ ఒక్కటి ఆలోచించు పరిమళా. డెబ్బై ఏళ్ళ మనిషి ముప్పై ఏళ్ళ తర్వాత హాయిగా నిద్రపోతోంది. ఆవిడను లేపి ఏడిపించే హక్కు నీకుందా?"

పరిమళ ఆ ప్రశ్నతోనే ఇంటికి వెళ్ళింది. ఎక్కిద్దాం అనుకున్న ప్రతిసారీ, అందులో కోపం ఎంతుందో ఆమెకే తెలుసు. మా అమ్మ మొహం చూడలేదు కదా, అనుభవించు, అని లోపల ఎవరో అంటున్నారు. వద్దులే అనుకున్న ప్రతిసారీ, చెరకు ఆకు మీద పాకం ఒంపిన చెయ్యి గుర్తొచ్చి, ఆ మనిషి ఇక తిరిగి రాదనిపించింది. నలభై రోజుల్లో ఇరవై తొమ్మిది అయిపోయాయి. ముప్పై ఐదు అయిపోయాయి. ముప్పై తొమ్మిదో రోజున ఆమె పెద్దమ్మను విశాఖకు తీసుకొచ్చింది. చెప్పేయాలన్నంత వరకే నిశ్చయించుకుంది.

పరిశోధనశాలలో సముద్రం వైపు కిటికీ ఉన్న గది. సన్యాసమ్మ కాళ్ళు బారజాపుకుని వేరుశెనగలు ఒలుచుకుంటోంది.

"పెద్దమ్మా, మా అమ్మ నీ దగ్గరికి వచ్చిందా? పోయేముందు?"

"వొచ్చినాది," అంది సన్యాసమ్మ, ఎవరింటి సంగతో చెబుతున్నట్టు. "సంకలో నువ్వున్నావు. ఉండిపోతానన్నాది. ఎల్లిపొమ్మన్నాను. పోనాది. నీకు పప్పులు పెట్టనా?"

పరిమళ ఆగలేకపోయింది. మొహం చేతుల్లో దాచుకుని వెక్కివెక్కి ఏడ్చేసింది. సన్యాసమ్మ కంగారుపడింది. పప్పులు పక్కన పెట్టి, కొంగుతో ఆమె మొహం తుడిచింది.

"ఒలమ్మో, ఏటయినాదే? ఎప్పుడో జరిగిపోనాది కదా. ఎందుకలా ఏడుస్తావు?"

"నువ్వూ ఏడ్చేదానివి పెద్దమ్మా. ముప్పై ఏళ్ళు ఏడ్చావు. నాకు కనబడకుండా. నేనే తీసేశాను అది. తెలియక తీసేశాను. ఇవాళా రేపూ గడిస్తే ఇక రాదు. వస్తే నీకు మళ్ళీ నిద్ర పట్టదు. నేనేం చెయ్యాలో నాకు తెలియడం లేదు."

సన్యాసమ్మ చెయ్యి ఆగిపోయింది. చాలాసేపు ఆ పిల్ల మొహంలోకే చూసింది. ఏదో వెతుక్కుంటున్నట్టు, చెయ్యి పెట్టినచోట వస్తువు లేనట్టు.

"అయితే," అంది చివరికి, "ఇన్నాళ్ళ బట్టీ మా నూకరత్నం కోసం నువ్వొక్కదానివే ఏడుస్తన్నావా?"

పరిమళ తల ఊపింది.

"అదేం బాగుంటాదే గుంటా? నా చెల్లెలు కదా అది. నాకేం గుర్తు రాటం నేదు గానీ, నాను కూడా ఏడవాల కదా." ఆమె పప్పుల చేతిని చీరకు తుడుచుకుంది. "ఏదీ ఆ టోపీ. నా తలకి పెట్టీ."

తారకేశ్వరే స్వయంగా టోపీ పెట్టి, దాచిన రొదను దానికి కలిపాడు. నియమాలన్నీ పక్కన పెట్టి పరిమళను గదిలోనే ఉండనిచ్చాడు. సన్యాసమ్మ మొదలుపెట్టింది. ఆయేళ మా నూకరత్నం వొచ్చినాది. సంకలో గుంట. మొదటిసారి మామూలుగా చెప్పింది. రెండోసారి నడుమ ఆగింది. మూడోసారికి తెర నల్లబడడం మొదలైంది. "ఎనక్కి తిరగనేదు" దగ్గరికి వచ్చేసరికి ఇక చెప్పలేకపోయింది. మెల్లగా తల తిప్పి పరిమళను చూసింది. ఆ చూపుతో, తగ్గిన పదేళ్ళూ తిరిగి ఆమె మీద పడ్డాయి. కళ్ళ కింద ఆ పాత నల్లటి చారలు అప్పుడే గీసినట్టు కనబడ్డాయి.

ఇద్దరూ ఒకర్నొకరు పట్టుకుని ఏడ్చారు. ఎంతసేపో తెలియదు. తారకేశ్వర్ కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

కాస్త తేరుకున్నాక పరిమళ ఆమె చేతులు పట్టుకుంది. బస్సులో దారి పొడుగునా వల్లెవేసుకున్న మాట ఒకటుంది. ఈ ముసలి ప్రాణం ఇంకా తల్లడిల్లడం చూడలేక, అది ఇప్పుడే చెప్పేద్దామనుకుంది.

"పెద్దమ్మా, నేను నిన్ను క్షమిం..."

సన్యాసమ్మ చటుక్కున ఆమె నోటి మీద చెయ్యి పెట్టింది.

"వొద్దు. ఇప్పుడు సెప్పకు తల్లీ. నన్ను సూడనేక సెప్పేత్తావు నువ్వు." చెయ్యి తీసి, తడిసిన ఆ మొహాన్ని దగ్గరగా, పూర్తిగా చూసింది. "కోపం ఉంటాది నీకు. ఉండనీ. ఏడాది పట్టనీ, పదేళ్ళు పట్టనీ. నిజంగా అనిపించిన రోజే సెప్పు. నాను ఎక్కడికీ పోను."